పండగ తాడు

మూడో గూడెంలో కూడా తడికలన్నీ మూసే ఉన్నాయి. ఒక బక్క కుక్క వచ్చి జీపు చక్రాన్ని వాసన చూసి పోయింది తప్ప మనిషి అలికిడి లేదు. బ్యాంకు మేనేజర్ వంశీధర్ జీపు దిగి, "లోపల ఎవరండీ?" అని రెండు మూడు కేకలు వేసి, ఎవరూ పలక్కపోయేసరికి మెడ మీద చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. రోహిణి కార్తె ఎండ. జీపు తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది.

"ఏంటమ్మా ఇది? మనం వస్తున్నామని తెలిసి పారిపోయారా?" అన్నాడు వెనక సీట్లో ఉన్న శ్రావణితో.

శ్రావణి ఒళ్లో వేలిముద్రల మిషను ఉంది. పొద్దుటి నుంచి దాన్ని మోస్తూనే ఉంది, ఒక్క వేలు కూడా దాని మీద పడలేదు.

"పండగ సార్. భూమి పండగ. విత్తనాలు చల్లే ముందు చేస్తరు. మగవాళ్లంతా అడవికి పోతరు, ఆడవాళ్లు రోడ్ల మీదికి పోతరు. ఇండ్ల కాడ ఎవరుండరు సార్."

"వీళ్లకి నెలకో పండగ! నాకు నెలాఖరు వస్తోంది. పైవాళ్లు పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. పండగండీ అని చెప్పమంటావా వాళ్లకి?"

డ్రైవర్ మోతీలాల్ బండి తిప్పాడు. ఆయనది వైరా దగ్గర తండా. బండి బ్యాంకుకు కిరాయికి పెట్టి, దాని మీదే ఇద్దరు పిల్లల్ని ఖమ్మంలో చదివించుకుంటున్నాడు. మేనేజర్ పక్కన కూర్చున్నప్పుడు ఆయనకు ఉన్న మాటలన్నీ రెండే: అవ్ సార్, మంచిది సార్.

శ్రావణి ఇంటిపేరు ఇర్పా. ఖమ్మంలో ఎంబీఏ మొదటి సంవత్సరం అయిపోయింది. వేసవి రెండు నెలలూ ఏదో ఒక సంస్థలో ఇంటర్న్‌షిప్ చేసి సర్టిఫికెట్ తెస్తేనే రెండో సంవత్సరం. తోటివాళ్లంతా మామయ్యలనూ బాబాయిలనూ పట్టుకుని హైదరాబాద్ పోయారు. శ్రావణికి అట్లాంటి మామయ్యలెవరూ లేరు. దరఖాస్తులో వచ్చిన భాషల దగ్గర తెలుగు, ఇంగ్లీషు తర్వాత కోయ అని కూడా రాసింది. ఆ ఒక్క మాట చూసే ఇంత పెద్ద బ్యాంకు ఆమెను పిలిచింది. ఆ ఉత్తరం అందిన రోజున ఆమె పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. పుట్టి బుద్ధెరిగాక తన భాషను ఎవరైనా కావాలన్నది అదే మొదటిసారి మరి.

అంతకు మించి సంబరపడింది మేనత్త నాగక్క. తల్లి పోయినప్పటి నుంచీ శ్రావణిని పెంచింది ఆమే. ఆశ్రమ పాఠశాలకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయిందీ, సెలవులకు ఎదురొచ్చి తీసుకొచ్చిందీ ఆమే. పిల్ల బ్యాంకులో చేరిన మొదటి రోజున నాగక్క ఉతికిన చీర కట్టుకుని, విస్తరాకులో తునికి పండ్లు మూటగట్టుకుని, ఇప్పలగూడెం నుంచి మండలానికి వచ్చింది. నేరుగా మేనేజర్ గదిలోకి పోయి బల్ల మీద పండ్లు పెట్టింది. "మా పిల్లను మంచిగ చూసుకో సారూ, ఎండకు ఆగది" అని చెప్పింది. వంశీధర్ నవ్వి ఒక పండు తిన్నాడు, బాగుందన్నాడు. ఆ తర్వాత నాగక్క చల్లటి గాలి వచ్చేచోట చాలాసేపు కూర్చుని, అందరినీ తేరిపార చూసి, తృప్తిగా ఇంటికి పోయింది.

బ్యాంకులో శ్రావణి నేర్చుకున్నదేమిటయ్యా అంటే, జనం చేత వేలు పెట్టించడం. ఖాతా ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక బీమా పాలసీ అంటగట్టాలి, అదీ పని. కాలేజీలో చెప్పిన పాఠాలన్నీ ఒక ఎత్తు, గూడెంలో "పెద్దమ్మా, జర వేలు పెట్టు" అనడం ఒక ఎత్తు. మేనేజర్ గంటసేపు చెప్పినా కదలనివాళ్లు, ఈ పిల్ల వరస పెట్టి పిలిస్తే నవ్వుకుంటూ వచ్చి వేలు పెట్టేవారు. ఏడాదికోసారి ఖాతాలో డబ్బు కోసుకుంటారని శ్రావణి మొదట్లో వివరంగానే చెప్పింది. వంశీధర్ ఆమెను పక్కకు పిలిచి, "అంతలా చెప్తే ఎవరు పెడతారమ్మా? మంచిదని చెప్పు, చాలు" అన్నాడు. ఆనాటి నుంచి మంచిదని మాత్రమే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ వాళ్ల కళ్లలోకి చూడకుండా మిషను వైపే చూసేది. సర్టిఫికెట్ గుర్తు తెచ్చుకుని తర్వాతి ఇంటికి పోయేది.

అందరికంటే ముందు వేలు పెట్టింది నాగక్క. "ఎందుకని అడగవా అత్తా?" అంటే, "నువ్వు అడుగుతున్నవు గద బిడ్డా, ఇంకెందుకు" అంది.

ఖాతాల్లో బీమా డబ్బు కోతలు మొదలయ్యాక వాగవతలి ఊళ్లో ఆడవాళ్లు వంశీధర్‌ను చుట్టుముట్టారు. కూలి డబ్బులు తీసుకుందామని పోతే ఖాతాలో తక్కువున్నాయని నిలదీశారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. అయినా ఆయనకు చెమటలు పట్టాయి. ఆనాటి నుంచి నలుగురు ఆడవాళ్లు ఒకచోట కనబడితే చాలు, జీపు అద్దం ఎత్తించేవాడు.

*

ఇప్పలగూడెం మలుపు దగ్గర కల్వర్టు ఉంది. దాని ఇవతల ఒక మద్దిచెట్టు. జీపు మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా తాడు కనబడింది. ఒక కొస మద్దిచెట్టుకు కట్టి ఉంది, రెండో కొస రోడ్డవతల నాగక్క చేతిలో ఉంది. ఆమె పక్కన పది పన్నెండు మంది ఆడవాళ్లు, కొప్పుల్లో పచ్చటి ఆకులు చెక్కుకుని, ఒకరి నడుము మీద ఒకరు చెయ్యి వేసి, అడుగు కలిపి రేల పాట పాడుతున్నారు. దారిన పోయే ప్రతి బండినీ అట్లాగే ఆపుతారు. పదో పరకో ఇచ్చేవాడు ఇస్తాడు, లేదన్నవాణ్ణి పాటలోనే ఏడిపించి వదిలేస్తారు. ఆ వచ్చిన దానితో సాయంత్రం ఊరంతా కలిసి తింటారు. శ్రావణికి ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే. చిన్నప్పుడు ఆ తాడు పట్టుకోవడానికి తోటి పిల్లలతో కొట్లాడేది.

జీపును చూసి ఆడవాళ్లు ఒక్కసారి గొల్లుమన్నారు. వెనక సీట్లో ఎవరున్నారో వాళ్లకు కనబడింది.

"ఓ కోడలా! బ్యాంకు కోడలా! పండగ పైసలు తియ్యి!" అని కేక పెట్టింది నాగక్క. బండి దగ్గరపడుతుంటే తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని బిగించి నిలబడింది. వేరే బండయితే ఆమె అట్లా చుట్టుకునేది కాదు. బండి ఆగకపోతే వదిలేసేటట్టు వేళ్లతోనే పట్టుకుంటారు ఎవరైనా. కానీ ఇది మా పిల్ల బండి, మా పిల్ల లోపల ఉంది, ఆగకుండా ఎక్కడికి పోతుందన్న ధీమా ఆమెది.

మోతీలాల్ వేగం తగ్గించాడు.

"ఆపకు!" అన్నాడు వంశీధర్. ఆయన మొహంలో నెత్తురు లేదు. "రోడ్డు బంద్ చేశారు చూడు. ఆపితే చుట్టుముడతారు. ఆపకు!"

"సార్, పండగ సార్! పది రూపాయలిస్తే తాడు తీస్తరు. మా అత్త సార్, మీకు పండ్లు తెచ్చిచ్చింది గద, ఆ మా అత్త!" శ్రావణి ముందు సీటు పట్టుకుని లేచింది.

"నువ్వు కూర్చో. మోతీలాల్, పోనీ! పోనియ్యవయ్యా!"

మోతీలాల్ కాలు ఒక్క క్షణం ఎటూ తేల్చుకోలేకపోయింది. తర్వాత తొక్కింది.

తాడు బంపర్‌కు తగిలి సాగింది. పాట తెగిపోయింది. నాగక్క ఎగిరి బోర్లా రోడ్డు మీద పడింది. చుట్లు విడిపోలేదు, తారు రోడ్డు మీద ఈడ్చుకుపోయి, మద్దిచెట్టు కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు వినబడ్డాక గానీ చేతి నుంచి తాడు జారలేదు. ఆ చప్పుడు కొమ్మది కాదని శ్రావణికి తెలిసింది. కదులుతున్న జీపులోంచే దూకేసింది. మిషను ఎక్కడ పడిందో చూసుకోలేదు. వెనక నుంచి వంశీధర్ "ఎక్కమ్మా, బండెక్కు!" అని అరుస్తున్నాడు. కాసేపటికి ఆ అరుపూ లేదు, జీపూ లేదు.

*

భద్రాచలం దవాఖానాలో నాగక్క కుడిచేతికి మోచేతి దాకా కట్టు కట్టారు. మణికట్టు ఎముకలు నుజ్జయ్యాయనీ, నరం కూడా తెగిందనీ, వేళ్లు ఇక ముడుచుకోకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. తునికాకు కోయాలన్నా, నాటు వెయ్యాలన్నా, గిన్నె ఎత్తాలన్నా ఆ చెయ్యే. శ్రావణి వరండాలోకి పోయి గోడకు తల ఆనించి ఏడ్చింది. తిరిగి లోపలికి వచ్చేసరికి నాగక్క మేలుకునే ఉంది.

"ఏడ్వకు బిడ్డా. పండగ పైసలు నీ దగ్గర్నుంచి ఇంకా రాలే, యాద్ పెట్టుకో" అని నవ్వబోయింది. నొప్పికి నవ్వు సగంలో ఆగిపోయింది.

సాయంత్రం మోతీలాల్ అరటిపండ్లు పట్టుకుని వచ్చాడు. మంచం దగ్గరికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. శ్రావణే లేచి పోయింది.

"నేను కావాలని తొక్కలే బిడ్డా. సార్ మీదికొచ్చి అరిచేసరికి నాకేం సమజ్ కాలే" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇంకో మాట. సార్ పోలీస్ స్టేషన్ల కాయితం పెట్టిండు. ఆడోళ్లు కట్టెలు పట్టుకొని బ్యాంకు బండిని అడ్డగించిన్రని, మేనేజర్‌ను కొట్టబోయిన్రని, బండి తప్పించుకునేటప్పుడు ఒకామె తనంతట తానే పడ్డదని. నాతోని సంతకం పెట్టించిండు."

"నువ్వు పెట్టినవా అన్నా?"

"పెట్టిన." ఆయన తల వంచుకున్నాడు. "బండి కిరాయి బంద్ చేస్తనన్నడు. పిల్లల చదువులున్నయ్ బిడ్డా. రేపు నిన్ను గూడ పెట్టమంటడు. నువ్వు ఆ గూడెం పిల్లవు, నువ్వే చెప్తే ఇంక ఎదురుండదంట. పెట్టకపోతే నీ సర్టిఫికెట్ రాదు, అది చెప్పిపోదామని వచ్చిన."

ఆయన అరటిపండ్లు బెంచీ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామని చూసింది శ్రావణి. రాలేదు. తను "మంచిది" అని వేలు పెట్టించిన ముసలివాళ్ల మొహాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

మంచం మీద నాగక్క అంతా వింది.

"పెట్టు బిడ్డా" అంది.

"ఏం మాట్లాడుతున్నవ్ అత్తా?"

"నా చెయ్యి ఎట్లనో పోయింది. నీ సంతకం పెట్టకపోతే తిరిగొస్తదా? గిన్నేండ్లు చదివినవ్. హాస్టల్ల పురుగులన్నం తిన్నవ్. నౌకరి వస్తదంటే పోగొట్టుకుంటవా? ముసల్దాన్ని, నన్ను జైల్లో వేసి ఏం చేసుకుంటరు?"

"నీ ఒక్కదాని మీదనే కాదు అత్తా. తాడు దగ్గర ఉన్నోళ్లందరి మీద కేసు."

నాగక్క కట్టులోంచి బయటికి కనబడుతున్న బొటనవేలును ఎడమచేత్తో మెల్లగా నిమురుకుంటూ పడుకుంది. "పండగను గూడ కేసు పెడతరా?" అని ఒక్కమాట అడిగింది, ఎవరినో తెలియదు.

*

మర్నాడు పొద్దున్నే శ్రావణి బ్యాంకుకు పోయింది. వంశీధర్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేనిది కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు.

"మీ అత్తకి ఎలా ఉందమ్మా? నాకు రాత్రంతా నిద్ర లేదు. నిజం చెప్తున్నా. నాకూ తల్లి ఉంది." ఆ మాటల్లో నటనేమీ లేదు. ఆయన కళ్ల కింద వాచి ఉంది. "కానీ ఈ విషయం పైకి పోతే నా ఉద్యోగం ఉండదు. నాకు చిన్న పాప. నువ్వు అర్థం చేసుకోవాలి. ఆవిడ వైద్యం ఖర్చు నేను చూసుకుంటా. నీ సర్టిఫికెట్ ఇవాళే ఇస్తా. హెడ్డాఫీసుకి నీ పేరు రాస్తా, చదువు అయిపోగానే ఉద్యోగం. ఇదిగో, దీని మీద ఒక్క సంతకం."

కాగితం ముందుకు జరిపి పెన్ను మూత తీసి పెట్టాడు. బయట కౌంటరు దగ్గర ఎవరో ముసలాయన వేలిముద్ర పడక వేలును పంచెకు తుడుచుకుని మళ్లీ మళ్లీ పెడుతున్నాడు. ఈ బల్ల మీదే విస్తరాకు మూట విప్పింది అత్త. ఈయనే పండు తిన్నాడు. రెండు నెలలుగా ఈ గదిలో ఏది చెప్పినా "సరే సార్" అంటూ వచ్చింది తను. ఈ ఒక్కసారి కూడా అనేస్తే బతుకు గట్టెక్కుతుంది. ఆ గట్టు మీద నిలబడి అత్త మొహం ఎట్లా చూడాలి?

"నేను జీపులనే చెప్పిన సార్, పండగని" అంది. "పొద్దున చెప్పిన. తాడు కాడ మళ్ల చెప్పిన. మీరు విన్నరు."

"విన్నాను కాదనను. భయం వేసింది."

"భయమేసిందని రాయుండ్రి సార్. దాని కింద సంతకం పెడత."

వంశీధర్ మొహం గట్టిపడింది. "అంటే పెట్టవా?"

"పెట్టను."

ఆ మాట అన్నాక శ్రావణికి ఏ ధైర్యమూ రాలేదు. మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి లేచింది. రెండు నెలల ఎండా, రెండో సంవత్సరమూ, అత్త కన్న కలా దాంతోపాటే అక్కడ ఉండిపోయాయి. తలుపు దగ్గరికి చేరాక వెనక నుంచి వంశీధర్ గొంతు వినబడింది. "మధ్యాహ్నం ఎస్సై గారిని తీసుకుని మీ గూడెం వస్తున్నా. తాడు దగ్గర ఎవరెవరున్నారో నేనే చూపిస్తా. నీ సంతకం లేకపోతే ఆగిపోతుందనుకోకు."

*

షేర్ ఆటో కల్వర్టు దగ్గర దింపి వెళ్లిపోయింది. రోడ్డు మీద ఎవరూ లేరు. పండగ ఇంకా రెండు రోజులుంది. మామూలుగా అయితే ఈపాటికి పాట వాగు దాకా వినబడాలి. కేసు సంగతి అప్పటికే తెలిసినట్టుంది. గూడెంలో తడికలు మూసి ఉన్నాయి, ఈసారి నిజంగానే భయంతో. అడవికి పోయిన మగవాళ్లు ఇంకా రాలేదు. చెట్ల వెనక ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు, దాన్ని ఊరుకోబెడుతున్న గుసగుస వినబడ్డాయి. దాక్కున్న వాళ్లకు తను కనబడుతూనే ఉండాలి. ఎవరూ పలకలేదు. పలకాలని ఏముంది? వాళ్ల ముంగిట్లోకి ఆ జీపు తెచ్చింది తనే కదా.

తాడు నిన్న పడ్డచోటే పడి ఉంది. ఒక కొస ఇంకా మద్దిచెట్టుకే ఉంది. రెండో కొస దుమ్ములో ఉంది, దాని మీద మరక ఎండి నల్లబడింది. శ్రావణి దాన్ని చేతిలోకి తీసుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. అత్త చేతికోసం ఏడ్చింది, తన చదువు కోసం ఏడ్చింది, దాచుకోకుండా ఏడ్చింది.

దూరంగా బండి చప్పుడయింది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు.

శ్రావణి లేచింది. తాడు కొస పట్టుకుని రోడ్డవతలికి నడిచింది, అత్త నిలబడ్డ చోటికి. నడుస్తుంటే తాడు దుమ్ములోంచి లేచి రోడ్డుకు అడ్డం సాగింది.

"ఓ పిల్లా, వదిలెయ్! సచ్చిపోతవ్!" అని చెట్ల వెనక నుంచి ఎవరో ముసలామె కేకేసింది.

శ్రావణి వదల్లేదు. తాడును మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుంది, ఇంకొక చుట్టు చుట్టుకుంది. పండగ పైసలడిగే పాట ఎత్తుకుంది. మొదటి మాట దగ్గరే తెగింది. మళ్లీ ఎత్తుకుంది. మొదటి చరణం సగం దాకా ఒక్కతే పాడింది. అక్కడ చెట్ల వెనక నుంచి ఒక గొంతు, పిరికిగా, వణుకుతూ అందుకుంది.

జీపు మలుపు తిరిగింది. అద్దం వెనక మోతీలాల్ మొహం కనబడేంత దగ్గరికి వచ్చింది.